అగ్గిపెట్టెలో రీడు

చచ్చిపోయిన మనిషి గొంతుకు కూడా వయసు మీద పడుతుందని నాకు డోర్నకల్‌లో తెలిసింది. మా గిటారు మిత్రుడి ఇంట్లో వాడి కూతురు నన్ను తన కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోను దొప్పలు తగిలించి, మా పాత పాట వినిపించింది. పాట మాదే. గిటారు మాదే. కింద గుండె కొట్టుకున్నట్టు నడుస్తున్న బేసు నేను వాయించిందే, ఇన్నేళ్లలో అది అంత విడిగా వినబడటం అదే మొదలు. కానీ పాడుతున్నవాడు మావాడు కాడు. ఎవరో బరువైన మనిషి, ఛాతీలోంచి తోడుకుని పాడుతున్నట్టుగా ఉంది. మావాడి గొంతు సన్నం, చురుకు. జనగామ బస్టాండు హోటళ్లలో ఏళ్ల తరబడి మోగిన గొంతు అది. నిద్రలో విన్నా గుర్తుపడతాను.

దొప్పలు తీసి బల్ల మీద పెట్టాను.

"గిదేంది బిడ్డా? ఆయన గొంతును తీస్కపోయి బాయిల దింపినవేంది?"

"దింపలే పెద్దబాపు. ఉన్నకాడికి తెచ్చిన. క్యాసెట్టుల ఉన్నదే ఎక్కువ ఉర్కుతాంది."

"ఉన్నకాడికా? పక్కన నిలబడి వాయించినోన్ని నేను. ఉన్నదేందో నాకు ఎర్కనా, నీకు ఎర్కనా?"

మంచం మీద పడుకున్న మా గిటారోడు లేచి కూర్చున్నాడు. రైల్వేలో పట్టాల మీద పనిచేసి రిటైరైనవాడు. చెవులు పోయి చాలా కాలమైంది. లొల్లి ఏందని అడిగితే, కూతురు రెండు దొప్పలూ ఆయన చెవులకు పెట్టి మొదట క్యాసెట్టు పాట, తర్వాత తాను చేసిన పాట వినిపించింది. ఏది నిజమో చెప్పమన్నాను. ఆయన కళ్లు మూసుకుని శ్రద్ధగా విన్నాడు.

"రెండూ ఒక్కతీర్గనే ఉన్నయి" అన్నాడు. దొప్పలు తీసి, "అంటే ఏదీ వినవడ్తలేదన్నట్టు" అన్నాడు.

ఆ అమ్మాయి, అమ్మాయి అంటున్నాను గానీ నడివయసు మనిషి, హైదరాబాదులో సినిమాలకు శబ్దాలు సరిచేసే ఉద్యోగం చేస్తుంది. పెద్ద పెద్ద ఇంగ్లీషు రాక్ బ్యాండ్ల వాళ్లు తమ పాత టేపుల పెట్టెలు తెరిచి, అప్పట్లో పనికిరావని పక్కన పడేసిన ముక్కలు, సగం పాడి ఆపినవి, తప్పులు దొర్లినవి, అన్నీ కొత్తగా కలిపి మళ్లీ అమ్ముతున్నారట. ఔట్‌టేకులు, రీమిక్సులు, రేరిటీలు. ఆ మాటలు నాకు కొత్తవి కావు. అయిదో తరగతిలో బడి మానేసిన నేను ఇంగ్లీషు నేర్చుకున్నదే రికార్డుల అట్టల మీది రాతలు, రేడియో రిపేరు పుస్తకాలు కూడబలుక్కుని. అయినా చెబుతాను: తిన్న కంచంలో మిగిలిన మెతుకులను వెండి గిన్నెలో పెట్టి మళ్లీ వడ్డించడం అది. ఇప్పుడు ఆ వడ్డన మా బ్యాండుకు కూడా వచ్చింది. ఆమె మా క్యాసెట్టును కొత్తగా కలుపుతుంది, దానితో పాటు బయటికి రాని ముక్కలు కూడా ఇంటర్నెట్టులో పెడుతుంది. మంచి మనసుతోనే. మంచి మనసుతో చేసే పనుల మీదే నాకు భయం ఎక్కువ.

మేము నలుగురం. గిటారోడిది డోర్నకల్. పాడేవాడిదీ డోర్నకలే, ప్రార్థన మందిరంలో కీర్తనలు పాడుతూ పెరిగినవాడు, భూపాలపల్లి బొగ్గుబాయిలో పని దొరికి అక్కడికి పోయాడు. నాది లింగాల ఘనపూర్, జనగామలో రేడియోలు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాను. డ్రమ్ములవాడు మహబూబాబాద్ నుంచి వచ్చేవాడు, అందరికంటే ముందు ఆయనే పోయాడు. సెలవులు కలిసినప్పుడల్లా పట్టాల పక్కన ఉన్న గిటారోడి ఇంట్లో చేరేవాళ్లం, పాడేవాడు భార్యతో సహా. పెళ్లిళ్లలో, క్రిస్మస్‌కు, బొగ్గుబాయి వాళ్ల క్లబ్బులో వాయించాం. ఎలక్ట్రిక్ గిటారు మోతకు మా ఇంటి మాటలు పెట్టి పాడాం. "దిగేటప్పుడు దీపముంటది, ఎక్కేటప్పుడు దమ్ముంటదా" అని మావాడు ఎత్తుకుంటే క్లబ్బులో డ్యూటీ దిగి వచ్చినవాళ్లు ఈల వేసేవారు కాదు. తలలు వంచుకుని వినేవారు.

మాకు స్వరం సరిచేసుకునే యంత్రాలు లేవు. ప్రార్థన మందిరంలో కాళ్లతో తొక్కి వాయించే పాత హార్మోనియం ఒకటి ఉండేది. దాని స్వరాలు అన్నీ కలిసికట్టుగా కాస్త కిందికి జారి ఉండేవి. మావాడు దానితోనే పాడి పెరిగాడు కాబట్టి గిటార్లు కూడా దానికే కట్టుకునేవాళ్లం. ఎక్కడికి పోతే అక్కడికి హార్మోనియాన్ని మోయలేం కదా. ఒకసారి దాన్ని మరమ్మతు చేసినప్పుడు విప్పి పారేయబోయిన ఇత్తడి రీడు ఒకటి మావాడు అడిగి తెచ్చుకున్నాడు, వేలెడంత ఉంటుంది. పెదవుల మధ్య పెట్టి ఊదితే ఒకే ఒక్క స్వరం పలికేది. అగ్గిపెట్టెలో పెట్టి జేబులో వేసుకునేవాడు. ఊదే పని మాత్రం నాది, ఎందుకంటే నా బేసే అందరికంటే ముందు కట్టాలి. "నీ పిట్టను లేపు బావా" అనేవాడు. వాడి భార్య నన్ను అన్నా అని పిలిచేది, నేను చెల్లె అనేవాణ్ని, అందుకని వాడికి నేను బావనయ్యాను. వాడు యేసుకు, నేను మల్లన్నకు మొక్కేవాళ్లం. వరుసలకు అదేమీ అడ్డం రాలేదు.

క్యాసెట్టు ఒక్కటే తీశాం, పట్నంలో. తీసినాయన కోస్తావైపు మనిషి. మేము పాడుతుంటే గాజు అద్దం అవతల నవ్వు ఆపుకుంటున్నాడు. సినిమాల్లో మా మాట మాట్లాడేది తాగుబోతులు, జేబుదొంగలే గదా, అలవాటుకొద్దీ నవ్వాడనుకున్నాం. చివర్లో అన్నాడు: "యాస మోటుగా ఉందండీ, పాటైనా హుషారుగా ఉండాలి. పైగా ఇన్ని పాటలు ఈ టేపులో ఇమడవు. సరే, నేను చూసుకుంటాను లెండి." ఏదో ఒక పాట కోస్తాడని మాకు అర్థమైంది. తిరుగు బండిలో ఎవరి పాట పోతుందోనని కాజీపేట దాకా కొట్లాడుకున్నాం. తీరా క్యాసెట్టు చేతికొస్తే ఒక్క పాట కూడా పోలేదు. అన్నీ ఉన్నాయి. "మంచోడే పో, ఉట్టిగ తిట్టుకున్నం" అన్నాడు మావాడు.

ఆ సంగతి ఎందుకు చెబుతున్నానో ముందుకు పోతే తెలుస్తుంది. ఆ రోజు డోర్నకల్‌లో మాత్రం నాకు తట్టలేదు.

ఆమె తన లెక్క చెప్పింది. పాట వెనక గుయ్యిమని కరెంటు మోత సన్నగా ఉంటుందట. ఆ మోత ఏ ఊళ్లోనైనా ఒకే తీరుగా ఉండాలట, మా క్యాసెట్టులో పైకెక్కి ఉందట. అంటే టేపును ఉరికించి నింపారని ఆమె అనుమానం. "అనుమానమే పెద్దబాపు. భూపాలపల్లి చిన్నమ్మ తాన మీ ప్రాక్టీసు టేపు ఉన్నదట గదా. అది ఇంటే తేలుతది."

"ఆ టేపు చెల్లె ఇయ్యదు. ఇస్తనన్నా నేను ఇయ్యనియ్య" అన్నాను.

మరునాడు ఇద్దరం ఒకే రైల్లో వరంగల్ దాకా, అక్కడి నుంచి ఒకే బస్సులో భూపాలపల్లికి పోయాం. ఆమె అడగడానికి, నేను ఆపడానికి. పరకాలలో బస్సు ఆగితే నాకు చాయ్ తెచ్చిచ్చింది. తాగాను గానీ మాట్లాడలేదు. ఒళ్లో టేపు యంత్రం ఉన్న సంచిని బాలింత బిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని కూర్చుంది. బొగ్గు లారీలు ఎదురవడం మొదలయ్యాక నేనే అన్నాను, "రేపు ఊరంత గీ గొంతు ఇని, గిదే ఆయన అనుకుంటరు. నేను చచ్చినంక కాదని చెప్పెటోడు ఉండడు."

"నువ్వున్నప్పుడే తేల్చుకుందమనే వచ్చిన" అంది కిటికీలోంచి చూస్తూ.

మావాడి ఇల్లు క్వార్టర్ల వెనక రెండు గదులు. ఊపిరితిత్తులు చెడి, ఏళ్ల పాటు దగ్గి దగ్గి పోయాడు. మా చెల్లె తలుపు తీసి మమ్మల్ని చూసి, మొదట అతని ఫోటో వైపు చూసింది, ఎవరో వస్తున్నారని చెప్పినట్టు. నీళ్లిచ్చింది. విషయం నేనే ముందు చెప్పాను, ఆ అమ్మాయి నోరు తెరవకముందే. ఇట్లా మీ ఆయన గొంతును పాడుచేశారు, ఇప్పుడు టేపు కూడా అడుగుతున్నారు, ఇయ్యకు అన్నాను.

చెల్లె కొంగుతో చేతులు తుడుచుకుంది.

"టేపు సంగతి తర్వాత. గా డబ్బల ఆయన పాట గాదన్నా, మాటున్నది. పాట ఊరందరి తాన ఉన్నది. మాట నా తాన్నే ఉన్నది. ఆయన పోయిన ఏడు ఒకపారి పెట్టిన. మిషిను మింగింది. పెన్సిలు పెట్టి తిప్పి తిప్పి తీసిన, పాణం పోయినంత పనైంది. మల్ల పెట్టలే." ఆమె ఆ అమ్మాయి వైపు తిరిగింది. "ముందుగాల రెండు పాటలు ఇనిపియ్యి."

క్యాసెట్టు పాట పెడితే బియ్యంలో రాళ్లు ఏరుతూనే విన్నది. రెండోది మొదలైన కొద్దిసేపటికి చేట మీద చెయ్యి ఆగింది. పాట అయిపోయేదాకా అది కదలలేదు.

"క్యాసెట్టు వచ్చిన్నాడు ఆయన అద్దం ముందట నిలవడి పాడి చూస్కున్నడన్నా" అంది. "నా గొంతు గిట్లుంటదా అని నన్నడిగిండు. ఎవల గొంతు వాళ్లకు అట్ల ఇనవడదు తియ్, మిషిను అబద్ధమాడ్తదా అని నేనే అన్న. మీరందరు గంత సంబురంగున్నరు, ఇంకేమంట."

నాకు ఒళ్లు మండింది. ఊరుకోలేకపోయాను. "చెల్లె, నువ్వు దగ్గు పట్టినంక గొంతు ఎక్కువ యాదుంచుకున్నవు. దమ్ము రోగంతోని బరువైన గొంతది. పడుచుదనంల అట్ల లేదు. నేను చెప్త గదా."

"నేను చెప్పేదేం లేదా అయితే?" అంది. గొంతు పెంచలేదు.

లేచి లోపలికి పోయింది. ట్రంకు పెట్టె ఈడ్చిన చప్పుడు వినిపించింది. టేపు, ఒక అగ్గిపెట్టె తెచ్చి చాప మీద పెట్టింది. అగ్గిపెట్టెను చూడగానే నా చెయ్యి దానికదే ముందుకు పోయింది. తెరిచాను. దూదిలో రీడు ఉంది. పచ్చబారింది. పంచె కొనతో తుడవబోతే ఆ అమ్మాయి నా మణికట్టు పట్టుకుంది.

"తుడువకు పెద్దబాపు. గీరుకపోతే స్వరం మారుతది."

అదీ నాకు ఎరుకే. కోపంలో మరిచాను.

టేపును ఆమె ముట్టుకోకుండా వంగి చూసింది. "చిన్నమ్మా, ఒక్కపారి నడిస్తే చాలు, మొత్తం ఎక్కించుకుంట. కానీ తెగదని మాట ఇయ్యలేను."

చెల్లె నా వైపు చూసింది. "రిపేరోనివి నువ్వే గదన్నా. నువ్వు చెప్పు. నడువనియ్యాల్నా, పెట్టెల పెట్టాల్నా?"

నేను వచ్చిందే వద్దని చెప్పడానికి. ఒక్క మాట చాలు. టేపును వెలుతురుకు పెట్టి చూశాను. మొదట్లో మిషిను మింగిన చోట మడతలు పడి నలిగి ఉంది. లోపల టేపును అదిమి ఉంచే ఉన్ని ముక్క ఊడిపోయింది. డబ్బాను కొద్దిగా వంచితే అడుగున గోధుమరంగు పొడి కదిలింది. టేపు మీది పొర రాలిన పొడి అది, పాట అంతా ఉండేది ఆ పొరలోనే.

అబద్ధం చెప్పాలంటే అప్పుడే చెప్పాలి. నోరు రాలేదు.

"పెట్టెల పెడితె గూడ పోతది చెల్లె. పొర రాలుతాంది. ఇంకో వానకాలం ఆగదు."

ఆమె ఒకసారి ఫోటో వైపు చూసింది. తర్వాత అంది, "అయితే నీ చేతులతోనే పెట్టు. పోతే నీ చేతుల్ల పోనియ్యి."

ఫ్యాను ఆపించాను. లారీల దుమ్ము రాకుండా తలుపు వేయించాను. ఆ అమ్మాయి సంచిలోంచి ఖాళీ క్యాసెట్టు తీసి ఇచ్చింది. రెండు డబ్బాల మరలూ విప్పి, మావాడి టేపు చుట్టలను ఈ డబ్బాలోంచి ఆ డబ్బాలోకి మార్చాలి. కుర్రతనంలో కబుర్లు చెబుతూ చేసిన పని ఇది. ఇప్పుడు ఒక్కో మరకూ ఆగి చూసుకున్నాను. చుట్ట జారితే టేపంతా పేగుల్లా బయటికి వచ్చేస్తుంది. చెల్లె ఎదురుగా కూర్చుని చూస్తోంది, ఊపిరి కూడా చప్పుడు కాకుండా తీసుకుంటోంది. చెమట బొట్టు రాలబోతే ఆ అమ్మాయి తన చున్నీతో నా నుదురు అద్దింది. మడతలను వేలి గోరుతో కాకుండా వేలి మెత్తతో సాపు చేశాను. చివరి మర బిగించాక చూస్తే పంచె ముడుకుల దగ్గర చెమటకు తడిసి ఉంది.

మీట నొక్కింది ఆమె. మొదట కుయ్యిమని అరిచింది టేపు, తలుపు మడత బందు అరిచినట్టు. ఆ అమ్మాయి వేలు ఆపే మీట మీదికి పోయింది.

"ఆపకు" అంది చెల్లె.

అరుపు నలిగిన చోటు దాటి సన్నబడింది. అప్పుడు వచ్చింది గూడ్సు బండి. పాట కాదు, మాట కాదు, డోర్నకల్ పట్టాల మీద పోతున్న గూడ్సు. ఆ ఇంట్లో ప్రాక్టీసు అంటే సగం పొద్దు బండ్లు పోవడానికి ఆగడమే. బండి మోత మధ్యలో ఎవరో దగ్గారు, ఎవరో డ్రమ్ము మీద వేళ్లు ఆడించారు. గదిలో మేం ముగ్గురం కూడా అది పోయేదాకా కదలలేదు.

"పోయిందా? పోయింది" అన్నాడు మావాడు. "నీ పిట్టను లేపు బావా."

రీడు పలికింది. నేను ఊదిన ఊపిరి. తర్వాత గిటార్లు కట్టుకున్న చప్పుడు, బొగ్గుబాయి పాట, మధ్యలో ఎవరో తప్పు వాయిస్తే ఆపడం, నవ్వులు. మావాడు లోపలికి కేకేశాడు, "ఏయ్, బావకు జర చాయ్ పొయ్యవే." లోపలి నుంచి పడుచు గొంతు ఒకటి జవాబిచ్చింది, "పాలు మీ బావ తెస్తడా?" మళ్లీ నవ్వులు. మా చెల్లె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

టేపు ఆగకుండా చివరిదాకా పోయింది. వెనక్కి తిప్పబోతే నేనూ చెల్లె ఒకేసారి వద్దన్నాం.

ఎక్కించుకున్నది ఇప్పుడు కంప్యూటరులో ఉంది. "అప్పటి మీ టేప్‌రికార్డరు గూడ సరిగ్గ నడిచిందని ఏం గ్యారంటీ లేదు పెద్దబాపు" అంది ఆ అమ్మాయి. "నా లెక్కా అనుమానమే, నీ యాదీ అనుమానమే. రీడు ఒక్కటే ఎవల దిక్కూ మాట్లాడదు. నువ్వు ఊదు. టేపుల నువ్వు ఊదింది, గిప్పుడు ఊదేది, రెండు కలిసేదాక నేను వేగం మారుస్త. కలిసినకాడ ఎట్ల ఇనవడ్తె అదే ఆయన గొంతు. ఒప్పుకుంటవా?"

ఒప్పుకున్నాను. నేనే గెలుస్తానని నమ్మకం.

రీడు పెదవుల మధ్య పెట్టాను. ఇత్తడి చేదు, ఇంకా కొంచెం కిలుము వాసన. ఊదాను. టేపులోని స్వరం నా స్వరంతో కొట్లాడింది, రెండింటి మధ్య వణుకు గదిలో ఈగలా తిరిగింది. ఆమె తిప్పింది. వణుకు నెమ్మదించింది. నాకు దమ్ము చాలక ఆగి మళ్లీ ఊదాను. ఇంకా కిందికి తిప్పింది. కిందికే. నేను కోరుకున్న వైపు కాదు. వణుకు అలల్లా విడిపోయి, విడిపోయి, ఒకచోట లేకుండా పోయింది. రెండు రీడులు ఒక్కటైనాయి. నా ఊపిరి ఏదో టేపులోది ఏదో నాకే తెలియలేదు.

ఆ వేగం మీద ఆమె పాట పెట్టింది. బరువైన గొంతు. ఛాతీలోంచి తోడుకున్నది. డోర్నకల్‌లో ఆమె వినిపించిన దానికంటే కూడా కొంచెం బరువు.

"గిది ఆయన" అంది చెల్లె, పక్కింటివాళ్లను పరిచయం చేసినట్టు మామూలుగా.

నాకు అప్పుడు ఆ గాజు అద్దం అవతలి మనిషి యాదికొచ్చాడు. నేను చూసుకుంటాను లెండి అన్నాడు. ఒక్క పాటా కోయలేదు. అన్నింటినీ ఉరికించి ఇమిడ్చాడు, మా మోటు మాటకు తన హుషారు తొడిగాడు. మేము మంచోడన్నాం. అంతకంటే మండేది ఇంకొకటి ఉంది. పక్కన నిలబడి వాయించినవాణ్ని, నా చెవులతో విన్న గొంతును క్యాసెట్టు వచ్చి చెరిపేసి తన గొంతు రాసిపోతే నాకు ఇన్నేళ్లూ తెలియలేదు. నేను దుకాణంలో పెట్టుకుని ఏడ్చింది ఎవరి గొంతు విని? పట్నపాయన తయారుచేసిన మనిషిని విని.

"ఏస్తె గిదే ఏయి బిడ్డా" అన్నాను. "పాత క్యాసెట్టు మల్ల ఎక్కడ ఇనవడొద్దు."

"ఎందుకొద్దు?" అంది చెల్లె. "గా పాట పెట్టుకుని పెండ్లిల్లు చేస్కున్నోళ్లున్నరు. వాళ్లదాన్ని వాళ్లకుండనియ్యి. గిది గూడ ఉండనియ్యి." తర్వాత ఆ అమ్మాయితో అంది, "పాటలు తీస్కపో. గూడ్సు బండి నుంచి చాయ్ దాక మాటలు మాత్రం ఎవలకు ఇయ్యకు. అవి నాయి. నా ఫోన్ల ఎక్కియ్యి."

ఆ ముక్కలే అన్నింటికంటే అరుదైనవని ఆ అమ్మాయి ముఖంలో కనిపించింది. అయినా ఫోను అందుకుని ఎక్కించింది.

బస్సుకు వేళైందని లేచి సంచి భుజాన వేసుకున్నాను. చెల్లె ఫోనులో అప్పుడే మీట నొక్కింది, వచ్చిందో లేదో చూద్దామన్నట్టు. గూడ్సు బండి మొదలైంది. గడప దగ్గర నిలబడిపోయాను. బండి పోయింది.

"నీ పిట్టను లేపు బావా" అన్నాడు ఫోనులోంచి మావాడు, బరువైన గొంతుతో.

చెల్లె అగ్గిపెట్టె తెరిచి నా ముందుకు చాపింది.